పిల్లల పెంపకం తరువాత తిరిగి కాక్‌పిట్‌లోకి

సభకు నమస్కారం. నన్ను మాట్లాడమన్న విషయం పైకి చూస్తే చాలా చిన్నది. పిల్లల్ని పెంచడం కోసం కొన్నేళ్లు ఎగరడం ఆపిన పైలట్ తిరిగి ఉద్యోగంలోకి ఎలా రావాలి? మెడికల్ (వైద్య అర్హత పత్రం) తెచ్చుకోండి, సిమ్యులేటర్‌లో కూర్చోండి, చెక్ (నైపుణ్య పరీక్ష) పాస్ అవ్వండి అని ఒక్క వాక్యంలో చెప్పి దిగిపోవచ్చు. అలా దిగిపోతే నిర్వాహకులు ఊరుకోరు. మీరు అసలే ఊరుకోరు, ఎందుకంటే ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది ఆ వాక్యంలో ఏదో ఒక కామా దగ్గర ఆగిపోయి ఉన్నవారే.

నేను చెప్పదలచిన విషయం ఒక్కటే. ఎగరడం ఆపి వచ్చినవారిని విమానం అడిగేవన్నీ కాలానికి సంబంధించిన ప్రశ్నలే. చివరిసారి ల్యాండింగ్ ఎప్పుడు చేశారు? చివరి చెక్ ఎప్పుడు జరిగింది? మెడికల్ ఎంతవరకు ఉంది? మీరు లేని కాలంలో ఏమేమి మారాయి? ఎందుకు ఆపారు అన్న ప్రశ్న ఈ వరుసలో లేదు. ఆ ప్రశ్న అడిగేది మనుషులు. మనలో ఎక్కువమంది మనుషుల ప్రశ్నకు జవాబు తయారుచేసుకోవడంలోనే సగం శక్తి ఖర్చుపెట్టి, విమానం వేసే ప్రశ్నల దగ్గరికి ఆలస్యంగా, అరకొరగా చేరుకుంటారు. నేనూ పిల్లల కోసం కొన్నేళ్లు ఆగి వచ్చినదాన్నే. ఇప్పుడు సిమ్యులేటర్ శిక్షకురాలిగా నా దగ్గరికి రిఫ్రెషర్‌కు వచ్చేవారిలో పదే పదే చూస్తున్నది ఇదే.

2020 సంగతి గుర్తుచేసుకోండి. కోవిడ్ వల్ల ప్రపంచమంతటా విమానాలు నిలిచిపోయాయి. వేలాది పైలట్లు నెలల తరబడి, కొందరు ఏడాదికి మించి నేల మీదే ఉండిపోయారు. వాళ్లు తిరిగి వచ్చినప్పుడు సంస్థలు ఏం చేశాయి? అదనపు సిమ్యులేటర్ సెషన్లు పెట్టాయి. ఎంతకాలం ఆగారన్నదాన్ని బట్టి శిక్షణను పెంచాయి, తగ్గించాయి. ఇద్దరూ చాలాకాలం ఆగి వచ్చినవారైతే వాళ్లను ఒకే కాక్‌పిట్‌లో జత చేయకుండా జాగ్రత్తపడిన సంస్థలూ ఉన్నాయి. చాలా మంచి పని. కానీ ఆ పైలట్లను ఎవరైనా "మీకు నిజంగా తిరిగి ఎగరాలని ఉందా?" అని అడిగారా? "మళ్లీ ఆపేయరని నమ్మకమేమిటి?" అన్నారా? అనలేదు. అదే ఖాళీ పైలట్లు ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో ప్రసూతి వల్ల, పిల్లల పెంపకం వల్ల కనిపిస్తే మాత్రం అంకితభావం అన్న మాట ఎక్కడి నుంచో ఊడిపడుతుంది. లాగ్‌బుక్‌లో ఖాళీ ఖాళీయే కదా? పిల్లల కోసం ఆగిన తండ్రులు కూడా ఈ హాల్లో ఉన్నారు. వాళ్లకు ఈ మాట ఇంకో రకంగా తగులుతుంది. వాళ్లను అంకితభావం గురించి అడగరు, వింతగా చూస్తారు.

ఇది కొత్త కథేమీ కాదు. ఆస్ట్రేలియాలో డెబోరా లారీ, అప్పటికి డెబోరా వార్డ్లీ, విమానయాన శిక్షకురాలిగా పనిచేస్తూ అన్సెట్ విమాన సంస్థలో పైలట్ ఉద్యోగం కోరినప్పుడు, ఆమెను కాదనడానికి ఆ సంస్థ చెప్పిన కారణాల్లో గర్భం, ప్రసవం కూడా ఉన్నాయి. పిల్లల కోసం ఆగుతుంది, శిక్షణకు పెట్టిన ఖర్చు వృథా అవుతుంది అన్నది ఆ వాదన. 1979లో ఆమె విక్టోరియా రాష్ట్రపు సమాన అవకాశాల బోర్డు ముందు గెలిచింది; సంస్థ హైకోర్టు వరకు వెళ్లినా 1980లో అక్కడా ఆమెదే గెలుపు. అంటే రాబోయే విరామాన్ని ఊహించి ముందే తలుపు వేయడం తప్పని ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి తేలి నలభై ఏళ్లు దాటింది. మన సరళా ఠక్రాల్ మాటా చెప్పాలి. 1936లో ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, నాలుగేళ్ల పాపకు తల్లిగా, ఆమె జిప్సీ మాత్ విమానంలో ఒంటరిగా ఎగిరింది. పాప ఉండడం ఆమెకు అడ్డం కాలేదు. ఆమె వాణిజ్య లైసెన్సు ప్రయత్నం ఆగిపోయింది యుద్ధం వచ్చి పౌర విమాన శిక్షణ నిలిచిపోవడం వల్ల. ఆ తరువాత ఆమె వేరే వృత్తిలో రాణించింది, అది వేరే విషయం. ఆగిన శిక్షణను మళ్లీ అందుకునే దారి అప్పట్లో లేదు. ఇప్పుడు ఉంది. ఆ దారి గురించే మాట్లాడుకుందాం.

కాగితాల లెక్క

ముందు మెడికల్. ఇది అన్నిటికంటే ముందు అని ఎందుకు అంటున్నానంటే, తిరిగి రావాలనుకునేవారు ముందుగా పుస్తకాలు తెరుస్తారు, లేకపోతే రెజ్యూమే రాస్తారు. వద్దు. వాణిజ్య పైలట్లకు కావాల్సిన క్లాస్ 1 మెడికల్ చేతికి రాకుండా సిమ్యులేటర్‌కు డబ్బు కట్టకండి. ప్రసవం తరువాత శరీరంలో చాలా మారుతాయి. థైరాయిడ్, రక్తపోటు, రక్తహీనత, చూపు, వీటిలో ఏది తేడాగా ఉన్నా సరిచేసుకోవడానికి నెలలు పట్టవచ్చు. ఆ నెలలు మీ శిక్షణ మధ్యలో పోవడం కంటే దానికి ముందే గడిచిపోవడం మేలు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం, ఇబ్బందులు లేని గర్భంలో 12వ వారం ముగిసినప్పటి నుంచి 26వ వారం ముగిసేవరకు మాత్రమే, అదీ వైద్యుల పర్యవేక్షణలో, పైలట్‌ను ఎగరడానికి అర్హురాలిగా పరిగణించవచ్చు. ప్రసవం తరువాత మళ్లీ వైద్య పరీక్ష జరిగితే తప్ప లైసెన్సు హక్కులు వాడకూడదు. కొన్ని దేశాలు దీనికంటే కఠినంగా ఉన్నాయి, కొన్ని వదులుగా ఉన్నాయి. దీనర్థం ఏమిటి? చాలామందికి విరామం మొదలయ్యేది తమ నిర్ణయంతో కాదు, ఒక కాగితంతో. మీరు ఆగలేదు, మిమ్మల్ని ఆపారు. ఆ తరువాత మీరు పొడిగించారు. ఇంటర్వ్యూలో తలవంచుకుని "మానేశాను" అనే ముందు ఈ తేడాను గుర్తుంచుకోండి.

మెడికల్ విషయంలోనే ఇంకొకటి చెప్పాలి. ప్రసవానంతరం వచ్చే కుంగుబాటు గురించి పైలట్లు వైద్యుడికి చెప్పరు. ఎందుకు చెప్పరో మీకు తెలుసు, నాకూ తెలుసు. లైసెన్సు పోతుందన్న భయం. కానీ ఈ విషయంలో నియమాలు పూర్వంలా లేవు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 2010 నుంచి కుంగుబాటుకు వాడే కొన్ని మందులపై ఉన్నవారికి కూడా, తగిన పర్యవేక్షణ ఉంటే, ప్రత్యేక అనుమతితో మెడికల్ ఇస్తోంది. ఇతర దేశాల్లో కూడా ఇలాంటి మార్గాలు తెరుచుకున్నాయి. చికిత్స చేయించుకుని, నయమై, ఆ సంగతి నిజాయితీగా రాసిన దరఖాస్తును వైద్యాధికారి పరిశీలించగలడు. దాచిపెట్టిన సంగతి తరువాత బయటపడితే మాత్రం అప్పుడు విషయం ఆరోగ్యం గురించి ఉండదు, అబద్ధం గురించి ఉంటుంది.

ఇక లైసెన్సు, రేటింగులు. లైసెన్సు ఒకటి, దాన్ని వాడుకునే హక్కు మరొకటి. అమెరికాలో పైలట్ సర్టిఫికెట్‌కు గడువు తేదీ ఉండదు. మెడికల్, ఇటీవలి అనుభవం, చెక్‌లు మాత్రమే దాన్ని కట్టివేస్తాయి. యూరప్‌లో టైప్ రేటింగ్ (ఒక రకం విమానాన్ని నడిపే అర్హత) ఏడాదికి ఒకసారి పునరుద్ధరించుకోవాలి. అది చాలాకాలం మురిగిపోతే ఎంతకాలం మురిగిందన్నదాన్ని బట్టి శిక్షణ పెరుగుతూ పోతుంది. అక్కడే ఇంకో గడియారం కూడా నడుస్తుంటుంది. ఎయిర్‌లైన్ లైసెన్సు కోసం రాసిన థియరీ పరీక్షల ఫలితం, మీ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించనప్పుడు పరికరాల ఆధారంగా ఎగిరే అర్హత) చివరిసారి చెల్లుబాటులో ఉన్న తేదీ నుంచి ఏడేళ్లు మాత్రమే నిలుస్తుంది. పూర్తి ఎయిర్‌లైన్ లైసెన్సు ఇంకా చేతికి రాని ఫస్ట్ ఆఫీసర్ (సహ పైలట్) ఏడేళ్లు దాటనిస్తే, ఆ పదమూడు పరీక్షలూ మళ్లీ మొదటి నుంచి. ఆ మాట విని అక్కడ ఎవరో నిట్టూర్చారు. ఎవరి పరిస్థితో నాకు అర్థమైంది, తరువాత మాట్లాడుదాం.

అందుకే విరామంలో ఉన్నవారికి, ముఖ్యంగా ఇప్పుడు ఒళ్లో బిడ్డతో ఈ ప్రసంగం వింటున్నవారికి నా సలహా. అన్నీ బతికించి ఉంచడం మీ వల్ల కాదు, అవసరమూ లేదు. మళ్లీ సంపాదించడానికి ఎక్కువ ఖర్చయ్యేది ఏదో చూసి దాన్ని మాత్రం చావనివ్వకండి. చాలామందికి అది ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. ఏడాదికి ఒకసారి దాని చెక్‌ చేయించుకుంటే, దాని మీద ఆధారపడిన మిగతా తేదీలు చాలావరకు నిలబడతాయి. ఇంగ్లీషు భాషా ప్రావీణ్య ముద్ర కూడా చూసుకోండి. నాలుగో స్థాయివారికి సాధారణంగా మూడేళ్లకు, అయిదో స్థాయివారికి ఆరేళ్లకు మళ్లీ పరీక్ష ఉంటుంది. చిన్న విషయమే, కానీ సరిగ్గా ఉద్యోగం వచ్చే వారంలోనే గుర్తొస్తుంది.

రాజీనామా గురించి ఒక్క మాట. సీనియారిటీ వరుస మీద నడిచే సంస్థల్లో మీ రోస్టర్, మీ బేస్, మీ కెప్టెన్ పదోన్నతి అన్నీ ఆ వరుసలో మీ అంకెను బట్టే ఉంటాయి. దీర్ఘకాలపు సెలవు తీసుకుంటే చాలాచోట్ల ఆ అంకె నిలుస్తుంది. రాజీనామా చేసి తిరిగి చేరితే మీరు వరుసలో ఆఖరివారు, నిన్నగాక మొన్న శిక్షణ ముగించి వచ్చినవారి వెనక. జీతం లేని సెలవుకూ రాజీనామాకూ ఆ రోజున ఇంట్లో పెద్ద తేడా కనిపించదు. పదేళ్ల తరువాత కనిపిస్తుంది. ఒప్పందం చదవకుండా సంతకం పెట్టకండి.

ఏది పోతుంది, ఏది ఉంటుంది

ఇప్పుడు అందరూ ఎదురుచూస్తున్న ప్రశ్న. చేతులు మరిచిపోతాయా?

మొదటి సెషన్‌కు వచ్చే ప్రతి ఒక్కరూ చేతుల గురించే భయపడతారు. ల్యాండింగ్ గురించి భయపడతారు. నేను వెనక కుర్చీలో కూర్చుని చూసేదాన్ని బట్టి చెబుతున్నాను, చేతులు పెద్దగా మరిచిపోవు. మొదటి రెండు మూడు ల్యాండింగులు గట్టిగా తగులుతాయి, ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు కాస్త ఎత్తడం) కాస్త ఎత్తులోనో కాస్త ఆలస్యంగానో వస్తుంది, అంతే. రెండో సెషన్‌కు సర్దుకుంటుంది. పోయేది తల. తల అంటే తెలివి అని కాదు. తరువాత ఏం రాబోతోందో ముందే తెలుసుకుని ఉండడం, రేడియోలో సగం విని మిగతా సగం ఊహించగలగడం, పక్కవారు చేసింది సరిగ్గా ఉందో లేదో చూస్తూనే తన పని చేసుకోగలగడం, ఇవి పోతాయి.

దీనికి పరిశోధన ఆధారం కూడా ఉంది. నాసా పరిశోధకుడు స్టీఫెన్ కాస్నర్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో పదహారు మంది ఎయిర్‌లైన్ పైలట్లను బోయింగ్ 747-400 సిమ్యులేటర్‌లో పరీక్షించారు. వాళ్లు విరామం తీసుకున్నవారు కాదు, ఆటోమేషన్‌కు అలవాటు పడి రోజూ ఎగురుతున్నవారే. చేత్తో విమానాన్ని నడపడం, పరికరాలను కళ్లతో చుట్టి రావడం వాళ్లలో చాలావరకు చెక్కుచెదరలేదు. మ్యాప్ డిస్‌ప్లే లేకుండా విమానం ఎక్కడుందో మనసులో పట్టుకోవడంలో, తరువాతి అడుగు నిర్ణయించుకోవడంలో, పరికరం చెడిపోయిందని గుర్తించడంలో మాత్రం తడబడ్డారు. రోజూ ఎగిరేవారికే అలా ఉంటే, ఆగి వచ్చినవారు తమ సాధన సమయాన్ని ల్యాండింగుల మీదే ఖర్చుపెట్టడం ఎంత పొరపాటో ఆలోచించండి.

దగ్గర నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. టేకాఫ్ పరుగు. కెప్టెన్ సీటులో ఉన్నవారి చేయి థ్రస్ట్ లివర్ల (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే పిడుల) మీద ఉంటుంది, ఎందుకంటే వీ వన్ వేగం వరకు టేకాఫ్‌ను ఆపే హక్కు ఉంది. "వీ వన్" అన్న పిలుపు వినపడగానే ఆ చేయి లివర్ల మీద నుంచి తీసేయాలి; ఇక ఆగడం లేదు, ఎగరడమే. విరామం తరువాత వచ్చినవారిలో నేను చూసే మొదటి గుర్తు ఇదే. పిలుపు వినపడుతుంది, చేయి మాత్రం ఒక్క క్షణం అక్కడే ఉండిపోతుంది. నియమం మరిచిపోయారా? లేదు, అడిగితే పుస్తకంలో ఉన్నట్టే చెబుతారు. మాటకూ చేతికీ మధ్య ఉన్న తీగ వదులైంది. ఆ తీగను బిగించడానికి ఖరీదైన సిమ్యులేటర్ అక్కర్లేదు. గోడకు కాక్‌పిట్ పోస్టరు అతికించి, దాని ముందు కుర్చీ వేసుకుని, పిలుపులన్నీ పైకి బిగ్గరగా అంటూ, చేతులు నిజంగా కదుపుతూ, ఇంజిన్ ఆగిన టేకాఫ్‌ను రోజుకు కొన్నిసార్లు నడపండి. మనసులో అనుకుంటే చాలదు, పైకి అనాలి. ఇంట్లో వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. నా పిల్లలకు మాటలు పూర్తిగా రాకముందే "పాజిటివ్ రేట్, గేర్ అప్" అన్న టేకాఫ్ పిలుపు వచ్చింది.

మరిచిపోవడం కంటే కష్టమైనది ఒకటుంది. మార్చుకోవడం. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407, అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 ప్రమాదాల తరువాత స్టాల్ (రెక్కలు గాలి మీద పట్టు కోల్పోయి విమానం పడిపోయే స్థితి) నుంచి బయటపడే శిక్షణ ప్రపంచమంతా మారిపోయింది. అంతకుముందు నేర్చుకున్నవారికి స్టాల్ హెచ్చరిక రాగానే పూర్తి శక్తి ఇచ్చి ఎత్తు పోకుండా కాపాడుకోమని నేర్పేవారు. చెక్‌లో ఎన్ని అడుగులు కోల్పోయారో చూసి మార్కులు వేసేవారు. ఇప్పుడు మొదటి పని ముక్కు దించడం, యాంగిల్ ఆఫ్ అటాక్ (రెక్కకూ ఎదురుగాలికీ మధ్య కోణం) తగ్గించడం. ఎత్తు పోతే పోనివ్వండి, రెక్క మళ్లీ గాలిని పట్టాలి. చాలాకాలం కిందట ఆగినవారి చేతుల్లో పాత పాఠం చాలా బాగా ఉంటుంది, అదే సమస్య. వాళ్లకు బాగా గుర్తున్నదే వాళ్లకు అడ్డం.

రన్‌వే తడి గురించి నివేదించే పద్ధతి కూడా 2021 నవంబరులో మారింది. ఇప్పుడు రన్‌వేను మూడు భాగాలు చేసి ఒక్కో భాగానికి ఆరు నుంచి సున్నా వరకు కోడ్ ఇస్తారు. ఆరు అంటే పొడి, సున్నా అంటే బ్రేకులు దాదాపు పట్టవు. అంతకుముందు ఆగినవారు "5/5/5" అని వింటే అదేమిటో అర్థం కాక చూస్తారు. కాగితపు చార్టులు పోయి ట్యాబ్లెట్లు వచ్చాయి, చాలాచోట్ల కంట్రోలర్ క్లియరెన్సు గొంతుతో కాక డేటా లింక్‌లో అక్షరాలుగా వస్తోంది. ఇవి కష్టమైనవి కావు. మొదటిసారి సిమ్యులేటర్‌లో ఎదురైతే మాత్రం బుర్రలో ఉన్న కాస్త ఖాళీని తినేస్తాయి. కాబట్టి ఇవన్నీ ఇంట్లోనే ముగించుకుని రండి.

ఇక్కడ చాలామందికి నచ్చని మాట ఒకటి అంటాను. "తల్లిగా ఒకేసారి పది పనులు చేయడం నేర్చుకున్నాను, అందుకే మంచి పైలట్‌ని అవుతాను" అని ఇంటర్వ్యూల్లో చెప్పమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. చెప్పకండి. కాక్‌పిట్ కోరేది దానికి సరిగ్గా వ్యతిరేకం. పది వేల అడుగుల లోపు విమానానికి సంబంధం లేని మాట కూడా మాట్లాడకూడదన్న నియమాన్ని అమెరికా 1981లోనే తెచ్చింది, ఎందుకంటే పది పనుల మధ్య ఒక పని జారిపోయి మనుషులు చనిపోయారు. పిల్లల్ని పెంచడం గొప్ప పని. గొప్ప పని కావడానికి అది ఎగరడానికి శిక్షణ కానక్కర్లేదు. విరామాన్ని ఏదో అర్హతగా మార్చి అమ్మాలని ప్రయత్నించినప్పుడే ఎదుటివారికి అది లోపంగా కనిపిస్తుంది. ఒక్క వాక్యంలో చెప్పేయండి: "పిల్లల కోసం ఇన్నేళ్లు ఆగాను." ఆ వెంటనే మెడికల్ తేదీ, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ తేదీ, చేయించుకున్న రిఫ్రెషర్ చెప్పండి. తేదీలతో మాట్లాడేవారిని ఎవరూ అంకితభావం గురించి అడగరు. అడిగారనుకోండి, ఆ సంస్థ గురించి మీకూ ఒక సంగతి తెలిసిపోయింది.

రోస్టర్, ఇల్లు

ఈ భాగం త్వరగా ముగిస్తాను, ఎందుకంటే మీ ఇల్లు మీకు తెలిసినంతగా నాకు తెలియదు. అయినా రెండు సంగతులు.

పిల్లల్ని చూసుకునే ఏర్పాటును రోస్టర్‌ను చూసి వేసుకోకండి, ఆలస్యాన్ని చూసి వేసుకోండి. రోస్టర్‌లో సాయంత్రం ఆరింటికి ఇంటికి అని ఉంటుంది. ఉరుములు పడి వేరే ఊరికి మళ్లించిన రోజున ఆ ఆరు మరునాటి ఆరు అవుతుంది. స్టాండ్‌బై రోజున ఫోను రాకపోవచ్చు, రావచ్చు. అలాంటి రోజున బిడ్డ దగ్గర ఉండే మొదటి మనిషి ఎవరు, ఆ మనిషికి జ్వరం వస్తే రెండో మనిషి ఎవరు? ఈ రెండో పేరు ఖాళీగా ఉంటే మీరు ఇంకా సిద్ధంగా లేరు. మీరు అంటే ఇంట్లోని పెద్దలందరూ. ఈ జాబితా తయారుచేసే పని కూడా తల్లి మీదే పడితే, తిరిగి వచ్చిన పైలట్ మొదటి రోజు నుంచే రెండు డ్యూటీలు చేస్తున్నట్టు.

రెండోది నిద్ర. అమెరికా నియమాల్లో డ్యూటీకి ముందు కనీసం పది గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది గంటలు అంతరాయం లేకుండా నిద్రపోయే అవకాశం ఉండాలి. అవకాశం అన్నారు. రాత్రంతా దగ్గుతున్న బిడ్డ పక్కన పడుకున్నవారికి ఆ అవకాశం కాగితం మీదే ఉంది. తెల్లవారుజామున రెండింటి నుంచి ఆరింటి వరకు శరీరపు అప్రమత్తత అన్నిటికంటే కిందికి పడిపోయే సమయం. అదే సమయంలో రిపోర్టింగ్ ఉంటే సంస్థ ఇచ్చిన విశ్రాంతి మీకు చాలిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది మీరొక్కరే. చాలకపోతే అన్‌ఫిట్ అని చెప్పండి. కొత్తగా తిరిగి వచ్చినవారు అలా చెప్పడానికి ఎక్కువ జంకుతారు. "చూశారా, పిల్లలున్నవాళ్లింతే" అంటారని. అనవచ్చు. నిద్ర లేకుండా ఎగరడం ఆ మాటను అబద్ధం చేయదు, విమానాన్ని ప్రమాదంలో పెడుతుంది.

సగం రోస్టర్, డెబ్బై అయిదు శాతం రోస్టర్ ఇచ్చే సంస్థలు ఉన్నాయి. తీసుకోండి, కానీ మొదటి ఆరు నెలలు కాదు. తొంభై రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు అన్నది చట్టం అడిగే కనీసం మాత్రమే. తిరిగి వచ్చిన తొలి నెలల్లో ఎగురుతూ ఉంటేనే ఆ వదులైన తీగలు బిగుస్తాయి. వీలైతే ముందు పూర్తి రోస్టర్ చేసి, నిలదొక్కుకున్నాక తగ్గించుకోండి. వీలు కాకపోతే తక్కువ ఎగిరే వారాల మధ్య పోస్టరు ముందు కుర్చీ ఉండనే ఉంది.

చెక్ పాస్ అయి లైన్ మీదికి, అంటే మామూలు సర్వీసు విమానాల్లోకి, వచ్చాక ఒక పని చేయండి. మొదటి కొన్ని నెలలు బ్రీఫింగ్‌లో పక్కవారికి చెప్పండి: "నేను విరామం తరువాత ఈ మధ్యే తిరిగి వచ్చాను. రేడియోలో ఏదైనా జారవిడిస్తే వెంటనే అనండి." క్షమాపణ అడుగుతున్నట్టు చెప్పకండి, వాతావరణం చెప్పినట్టు చెప్పండి. మంచి కెప్టెన్ దాన్ని ఇంధనం లెక్కలాగే తీసుకుంటాడు. ఒకటి రెండుసార్లు ముఖం చిట్లించేవారూ తగులుతారు. వాళ్ల ముఖం చూడకండి, చెక్‌లిస్టు చూడండి.

నేను చెప్పిన నియమాలు మీ దేశంలో కాస్త వేరుగా ఉండవచ్చు, కాబట్టి మీ నియంత్రణ సంస్థ తాజా పత్రం చూడకుండా నా మాట మీద డబ్బు కట్టకండి. ఇక ప్రశ్నలకు వద్దాం. లాగ్‌బుక్కులు తెచ్చుకున్నవారు ముందు వరుసలోకి రండి, థియరీ గడువు దగ్గరపడిన వారి నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే ఆలస్యమయ్యే కొద్దీ ఎక్కువ ఖర్చయ్యేది వాళ్లకే.